గోపురానికి చట్టం ఉంది, గుమ్మానికి లేదు
మదురై, కోయంబత్తూరు పాత తెలుగు పేటలపై ఒక పరిశీలన

మదురైలో విళక్కుత్తూణ్ దాటి కొద్దిపాటి దూరం నడిస్తే బట్టల దుకాణాల నడుమ ఒక ఇరుకు సందు వస్తుంది. తమిళంలో దాని పేరు 'పత్తు తూణ్ సందు', అనగా పది స్తంభాల సందు. బట్టల మూటలు మోసే కూలీలకు, ద్విచక్ర వాహనాలకు దారి ఇస్తూ గోడకు ఒదిగి నిలబడి తలెత్తి చూస్తే, పైన కప్పు లేని బ్రహ్మాండమైన స్తంభాలు వరుసగా కనిపిస్తాయి. ఒకనాడు ఇవి తిరుమల నాయకుని మహలులో భాగం. మహలు ఈ సందు దాకా వ్యాపించి ఉండేదన్న సంగతి ఆ స్తంభాలు చెబితే తప్ప నేడు ఎవరికీ తోచదు. వాటి పక్కనే చీరలు, లుంగీలు బేరమాడుకొనే జనానికి అవి అడ్డమూ కావు, ఆశ్చర్యమూ కావు.

మన సరిహద్దు పల్లెలలో మదురైతోనో, కోయంబత్తూరుతోనో సంబంధం లేని కుటుంబాలు తక్కువ. నూలు మిల్లు పనికి వెళ్లినవారు, కోమటి దుకాణం పెట్టుకున్నవారు, పిల్లను ఇచ్చినవారు, పిల్లను తెచ్చుకున్నవారు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. అక్కడి మన చుట్టాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. శుభలేఖ మాత్రం తమిళంలో అచ్చు వేయిస్తారు. అటువంటి ఇళ్లలో ఈ మధ్య తరచు వినబడుతున్న మాట ఒకటే: "పాత ఇల్లు కూల్చేస్తున్నాం." ఆ కూల్చివేతల వెనుక ఉన్న లెక్కలేమిటి, చట్టాలు ఎక్కడ పనిచేస్తున్నాయి, ఎక్కడ కన్ను మూసుకుంటున్నాయి అన్నది పరిశీలించదగిన విషయం.

విజయనగర చక్రవర్తుల తరఫున వెళ్లిన విశ్వనాథ నాయకుడు 1529లో మదురైలో పాలన నెలకొల్పినది మొదలు 1736 వరకు, రెండు శతాబ్దాలకు పైగా తెలుగు నాయకరాజులు ఆ నగరాన్ని ఏలారు. వారి వెంట సైనికులు వెళ్లారు, సేద్యగాండ్రు వెళ్లారు, నేతగాండ్రు, వర్తకులు, తోలుపని చేసేవారు వెళ్లారు. మదురై మాత్రం వారికంటే ఎంతో ముందే ఉన్న పాండ్యుల నగరం. నాయకుల కట్టడాలను చెక్కినవారిలో తమిళ స్థపతుల చేతులే ఎక్కువ. అందువల్ల ఆ నగరంలోని రాతిని చూసి "ఇది మాది" అని గీత గీయడం మర్యాద కాదు, చరిత్ర కూడా కాదు. అది ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తు గనుకనే దాని మంచిచెడ్డలు అడిగే బాధ్యతలో మనకూ పాలు ఉంది.

మొదట కూల్చినది మనుమడే

పాత కట్టడాలను కూల్చేది ఎప్పుడూ పరాయివారేనని అనుకుంటాం. తిరుమల నాయకుని (1623–1659) మహలు కథ అందుకు విరుద్ధంగా ఉంటుంది. 1636లో కట్టించిన ఆ మహలులో నేడు మిగిలినది నాలుగో వంతు మాత్రమేనని చెబుతారు. దానిని విప్పడం ఆరంభించినవాడు శత్రువు కాదు, స్వయానా మనుమడైన చొక్కనాథ నాయకుడు. రాజధాని తిరుచిరాపల్లికి మారింది. అక్కడ కొత్త మహలు కావలసి వచ్చింది. తాతగారి మహలు నుంచి సామగ్రి తరలింది. రాజుకైనా, నాలుగు సెంట్ల ఇల్లు గల గృహస్థుకైనా లెక్క ఒకటే అనిపిస్తుంది: పాతదానిలోని సరుకుకు కొత్తచోట విలువ వస్తే పాతది నిలవదు.

తరువాత ఆ మహలును కాపాడినది కూడా వాడుకే గాని భక్తి కాదు. 1866–1872 మధ్య మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు మరమ్మతు చేయించాడు. ఆపై జిల్లా న్యాయస్థానం దానిలో కొలువు తీరి 1970 వరకు అక్కడే నడిచింది. వకీళ్లు, కక్షిదారులు, గుమాస్తాలు ప్రతిదినం తొక్కిన నేల గనుక కప్పు కారితే ఎవరో ఒకరు చూశారు. 1971లో రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలోకి వచ్చింది. స్వర్గవిలాసం ఈనాటికీ నిలిచి ఉండడానికి ఆ నడుమ నూరేళ్ల పాటు దానిలో జరిగిన దావాలకు కూడా మనం కొంత ఋణపడి ఉన్నాం.

మంగమ్మ విషయమూ ఇంతే. 1689 నుంచి 1706 వరకు పసివాడైన మనుమని పక్షాన రాజ్యం నడిపిన రాణి మంగమ్మ పేర మదురై రైల్వే జంక్షన్ ఎదుట సత్రం ఉంది. రైలు దిగిన యాత్రికులు నేటికీ అక్కడ బస చేస్తున్నారు. ఆమె పేరుతోనే చెప్పుకొనే తముక్కం మహలు తెల్లవారి కాలంలో కలెక్టరు నివాసమై, 1959లో గాంధీ స్మారక మ్యూజియంగా మారింది. గాంధీజీ తుదిరోజున ధరించిన రక్తపు మరకల వస్త్రం ఉన్నది ఒక తెలుగు రాణి విడిది మందిరంలో అన్న సంగతి చాలామందికి తెలియదు. దాని పొరుగున ఉన్న తముక్కం మైదానంలో స్మార్ట్ సిటీ నిధులతో కొత్త సభాభవనం లేచింది. పాత మహలు, కొత్త భవనం ఇరుగు పొరుగులుగా ఉన్నాయి. ఒకదాని వల్ల మరొకటి పోలేదు. చోటు ఉన్నచోట ఇది సాధ్యమే. ఇబ్బంది అంతా చోటు లేనిచోట.

తొమ్మిది మీటర్ల నిబంధన

మీనాక్షి ఆలయం చుట్టూ చతురస్రాలుగా అల్లుకున్న చిత్తిరై, ఆవణి మూల, మాసి, వెళి వీధులే మదురై నగరానికి అస్థిపంజరం. ఈ వెళి వీధుల దగ్గరనే పందొమ్మిదో శతాబ్దిలో పెద్ద కూల్చివేత జరిగింది. కలెక్టరు బ్లాక్‌బర్న్ నాయకుల కోట గోడను పడగొట్టించి, అగడ్తను పూడ్పించాడు. గోడ తీసి కందకం పూడ్చినవారికి ఆ చోటనే స్థలం ఇస్తామని ఆశ చూపి జనం చేతనే ఆ పని చేయించాడు. కొలతలు వేసిన మారెట్ దొర పేర ఒక వీధి, పని నడిపించిన పెరుమాళ్ మేస్త్రి పేర మరొక వీధి వెలిశాయి. విళక్కుత్తూణ్ అన్నది ఆ బ్లాక్‌బర్న్ స్మృతికి నిలిపిన దీపస్తంభమే. కోట పోయినందుకు విచారించవచ్చు గాని, ఊపిరాడని నగరానికి ఆనాడు అది అవసరమైన పని అన్న మాటను కూడా కాదనలేం. నాటి ఆ కొత్త వీధులే ఇప్పుడు పాతబడి, వాటిలోని ఇళ్లను కాపాడాలా వద్దా అని మనం చర్చిస్తున్నాం.

ఆలయ గోపురాలు మరుగున పడకూడదన్న ఉద్దేశంతో, ఆలయానికి ఒక కిలోమీటరు పరిధిలో 9 మీటర్ల కంటె ఎత్తు కట్టరాదని 1997లో తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దక్షిణ గోపురం ఎత్తు సుమారు 52 మీటర్లు. ఆ లెక్కన చూస్తే నిబంధన సబబైనదే. అతిక్రమణలు కొల్లలుగా జరిగాయి. లాడ్జీలు, దుకాణ సముదాయాలు మెట్టు మీద మెట్టుగా లేచాయి. విషయం మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందుకు పలుమార్లు వెళ్లింది. ఈ తగవంతా ఎత్తు గురించే జరిగింది. పాఠకులు గమనించవలసినది మరొకటి ఉంది.

ఆ నిబంధన ఎత్తును కొలుస్తుంది, వయస్సును కొలవదు. నూరేళ్ల నాటి ఇంటిని, టేకు దూలాలతో, వీధి అరుగుతో, డంగు సున్నపు గోడలతో ఉన్న ఇంటిని సమూలంగా తీసివేసి, ఆ చోట 9 మీటర్ల లోపు అద్దాల దుకాణం కట్టితే అది నిబంధనకు పూర్తిగా లోబడినట్టే లెక్క. గోపురం కనబడుతుంది. గోపురం చుట్టూ ఉన్న ఊరు కనబడదు. మాసి వీధుల్లోను, నాయక్కర్ పుదు తెరువు వంటి సందుల్లోను పాత ముఖంతో ఉన్న ఇళ్లను నిలిపి ఉంచే శాసనం దాదాపు ఏదీ లేకపోయింది.

చట్టాల సంగతి కొంచెం విడమరచి చెప్పుకుందాం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 2010 సవరణ ప్రకారం నూరు మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో రెండు వందల మీటర్లకు అనుమతి కావాలి. చంద్రగిరి కోట చుట్టుపక్కల ఉన్నవారికి ఈ బాధ అనుభవమే. తిరుమల నాయకుని మహలు రాష్ట్ర శాఖ కిందిది గనుక దానికి వర్తించేది వేరే చట్టం. ఇక ఆలయాలు, ఆలయ మండపాలు దేవాదాయ శాఖవి. మామూలు గృహస్థు ఇల్లు వీటిలో దేని కిందికీ రాదు. చెన్నైలో 2010లో హైకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఒక పట్టిక, ఒక సంఘం ఏర్పడ్డాయి. ఆ తీర్పు ఫలం మదురైకి, కోయంబత్తూరుకు దక్కలేదు. రాష్ట్రమంతటికీ వారసత్వ సంఘం ఉండాలని 2012లోనే శాసనసభ చట్టం చేసింది. అది అమలులోకి వచ్చినది 2024లో. పన్నెండేళ్లు! ఒక పాత ఇల్లు కూల్చి, కొత్తది కట్టి, అది కూడా రంగు వెలిసేందుకు అంత కాలం చాలు.

మన ప్రాంతం వారు నవ్వుకోవడానికి ఇందులో ఏమీ లేదు. హైదరాబాదులో 1995 నాటి నుంచి ఉన్న వారసత్వ నిబంధనను 2015 చివరలో తొలగించారు. 2017లో కొత్త చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభా భవనం కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేయవలసి వచ్చింది. ఇర్రం మంజిల్‌కైనా వాదించేవారు దొరికారు. మాసి వీధిలోని ఇంటికి వాదించేవారెవరు? ఇంటివారే దానిని పోగొట్టుకోవాలని చూస్తున్నప్పుడు?

ఇంటివారు ఎందుకు కూలుస్తారు

వారిని తప్పు పట్టే ముందు ఒక ఇంటి లెక్క చూడాలి. ఉదాహరణకు నాలుగు సెంట్లలో మండువా ఇల్లు ఉందనుకుందాం. కొంగునాట దీనినే తొట్టికట్టు ఇల్లు అంటారు. నడుమ ఆకాశానికి తెరచిన చిన్న వాకిలి, చుట్టూ వసారా, గదులు. తాత పోయాడు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. 1989లో తమిళనాడు చట్ట సవరణతో ఆ తరువాత పెండ్లయిన కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో పాలు వచ్చింది. 2005లో అది దేశమంతటికీ వర్తించింది. ఇది న్యాయమైన మార్పు, ఎప్పుడో రావలసినది. అయితే ఐదు పాళ్లైన మండువాను గోడ పెట్టి పంచుకోవడం కుదరదు. నడిమి వాకిలి ఎవరి పాలికి వస్తుంది? దానిని పంచుకోగలిగిన మార్గం అమ్మి సొమ్ము పంచుకోవడమో, అపార్ట్‌మెంటు కట్టించి తలా ఒక వాటా తీసుకోవడమో. ఒకడు బెంగుళూరులో, ఒకతె అమెరికాలో ఉంటే ఈ తీర్మానానికి ఎంతో సమయం పట్టదు.

ఉంచుకోదలచినవాని కష్టం వేరు. పై కప్పు మద్రాసు టెర్రస్. దూలాల మీద ఇటుకను నిలువుగా పేర్చి, సున్నంతో కూర్చిన ఆ కప్పు వానకు కారడం మొదలుపెడితే సిమెంటు పూతతో ఆగదు. సిమెంటు గట్టిది, సున్నపు గోడ మెత్తనిది. తేమ బయటికి పోయే దారి మూసుకొనిపోయి లోపలి ఇటుక పొడి అవుతుంది. మేలు చేయబోయి ఇల్లు పాడు చేసుకున్నవారిని ఈ రచయిత స్వయంగా ఎరుగును. సున్నం నానబెట్టి, గానుగ పట్టి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలిపి పూత వేయగల మేస్త్రీలు బహు తక్కువ. ఉన్నవారికి గుడి పనులే చాలినంత. ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు చప్పున దొరుకుతుంది. పాత దూలం మార్చడానికి అప్పు అడిగి చూడండి.

ఇంత బరువునూ ఒక్క ఇంటి యజమాని నెత్తిన పెట్టి, "మీ ఇల్లు మా అందరి వారసత్వం, కాపాడండి" అని చెప్పడం సులభం. ఊరికి కలిగే లాభానికి ఊరు ఖర్చు పెట్టుకోవాలి. ఈ రచయిత అభిప్రాయంలో చిక్కుముడి అంతా ఇక్కడే ఉంది. నిషేధం ఉన్నచోట యజమాని నష్టపోతున్నాడు. నిషేధం లేనిచోట ఇల్లు పోతున్నది. ఈ రెంటి నడుమ సొమ్ము ఎవరిస్తారన్న ప్రశ్నకు రెండు నగరాలలోనూ సరియైన జవాబు లేదు.

మార్గం లేకపోలేదు. తిరుపతి రోడ్ల వెడల్పు సందర్భంలో మన పాఠకులు టీడీఆర్ బాండ్ల పేరు వినే ఉంటారు. తన స్థలంలో కట్టుకోదగిన అంతస్తులను కట్టకుండా వదలుకున్నవానికి ఆ హక్కును పత్రంగా ఇస్తే, దానిని మరొకచోట కట్టేవానికి అమ్ముకోవచ్చు. తమిళనాడు నిర్మాణ నిబంధనలలోనూ దీనికి చోటుంది. ముంబై, అహమ్మదాబాదు ఈ బాట పట్టాయి. అహమ్మదాబాదు పాత నగరం 2017లో ప్రపంచ వారసత్వ నగరమైంది. మదురైలో 9 మీటర్ల హద్దు కింద మూడు దశాబ్దాలుగా నష్టపోతున్న మాసి వీధి యజమానికి ఈ పత్రం దక్కితే, నగరం వెలుపల లేచే ఆకాశహర్మ్యాలు పాత ఇంటి కప్పుకు సున్నం ఖర్చు ఇచ్చినట్లవుతుంది. అయితే తణుకులో టీడీఆర్ పత్రాల చుట్టూ ఎన్ని ఆరోపణలు రేగాయో మనకు తెలుసు. విలువ కట్టే గుమాస్తా కలం వంకర పోతే ఇల్లూ దక్కదు, సొమ్మూ దక్కదు.

కోయంబత్తూరులో ఒకే రోడ్డు మీద రెండు మిల్లులు

కోయంబత్తూరులో తెలుగువారి గుర్తులు రాజులవి కావు. అక్కడ ఉన్నవి నూలు మిల్లులు, ఇటుక పొగగొట్టాలు, పాఠశాలలు. తెలుంగుపాళయం అనే పేట ఉంది. టౌన్‌హాలు దగ్గర తెలుగు బ్రాహ్మణ వీధి ఉంది. పీళమేడు, పాప్పనాయక్కన్‌పాళయం, ఆవారంపాళయం వంటి ఊళ్లలో పత్తి పండించిన కమ్మ నాయుళ్లు పత్తి ఆడించడం నేర్చి, పిదప నూలు వడకడం నేర్చి, చివరకు ఆ యంత్రాలనే తయారు చేయడం నేర్చారు. 1930ల ఆరంభంలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక మిల్లులు వరుసగా లేచాయి. మన పాఠకులలో పెద్దవారికి 1954 నాటి 'అగ్గిరాముడు' గుర్తుండవచ్చు. ఆ సినిమా తీసిన పక్షిరాజా స్టూడియో శ్రీరాములు నాయుడుది, అది కోయంబత్తూరులో ఉండేది. నేడు స్టూడియో లేదు.

అవినాశి రోడ్డు మీద వెళితే రెండు మిల్లుల ముందు నుంచి పోతాం. ఒకటి జి. కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్లు. అక్కడ వడకడం ఆగిపోయినా కట్టడాలను కుటుంబం ఊడబెరకలేదు. పాత ఆవరణకు కొత్త వాడుక ఇచ్చి, భోజనశాలలు, అంగళ్లు పెట్టించారు. 2023లో పెద్ద సూపర్ మార్కెట్ కూడా వచ్చింది. రాట్నం తిరిగినచోట బండి తోసుకుంటూ సరుకులు కొనడం కొందరికి రుచించకపోవచ్చు. పనిచేసిన కార్మికుల జ్ఞాపకానికి అక్కడ ఎంత చోటు దక్కిందన్నది అడగవలసిన ప్రశ్నే. అయినా గోడలు నిలిచాయి, చిరునామా నిలిచింది, బస్సు కండక్టరు ఇంకా "లక్ష్మీ మిల్స్" అనే కేక వేస్తాడు.

రెండవది పీళమేడులో పీఎస్జీ కుటుంబం వారు స్థాపించిన శ్రీరంగవిలాస్ మిల్లు. తరువాతి కాలంలో అది జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. 2020 మార్చి లాక్‌డౌన్ నాడు ఆ సంస్థ మిల్లులన్నింటితో పాటు దాని యంత్రాలూ ఆగిపోయాయి. నగరంలోనే ఆ సంస్థకు చెందిన పంకజ, కంబోడియా, మురుగన్ మిల్లులదీ అదే స్థితి. మెషీన్ల సంగతి అటుంచితే, ఇవన్నీ ఉన్నది బంగారం లాంటి నేలలో.

రెంటికీ తేడా ఏమిటి? లక్ష్మీ మిల్లుకు ఒక్క యజమాని, పెద్ద స్థలం, పెట్టుబడి ఉన్నాయి. అందుచేత పాతదానిని నిలిపి లాభం చూసుకోగలిగారు. శ్రీరంగవిలాస్‌కు యజమాని ప్రభుత్వం. ప్రభుత్వానికి నేల విలువ తెలుసు. పొగగొట్టం విలువ ఏ పద్దులోనూ ఉండదు. మదురై మాసి వీధి ఇంటికి ఈ రెండు సదుపాయాలూ లేవు, పదిమంది దాయాదులు తప్ప. ఒకే రకం సంరక్షణ ఈ మూడింటికీ సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

ఆ రోడ్డు మీదనే 2025 అక్టోబరు 9న ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా 10.1 కిలోమీటర్ల వంతెన ప్రారంభమైంది. ఖర్చు 1,791 కోట్ల రూపాయలు. దానికి జి.డి. నాయుడు (1893–1974) పేరు పెట్టారు. కలంగల్ పల్లెలో పుట్టి, బస్సులు నడిపి, మోటార్లు చేసి, ఎందరికో పని నేర్పిన ఆ మనిషి పేరు పెట్టినందుకు మనకు సంతోషమే. అదే వారంలో వీధుల పేర్లలోంచి కులనామాలను తీసివేయాలన్న ప్రభుత్వ ఉత్తర్వు వెలువడడంతో, 'నాయుడు' అన్నది ఉండవచ్చునా అని వాదం చెలరేగింది. కులం పేరు వీధి పలక మీద ఉండడం మంచిది కాదన్నది సబబైన ఆలోచనే. తెలుగు బ్రాహ్మణ వీధిలో కులం ఉంది, కాదనలేం. కాని దానిని చెరిపేటప్పుడు పక్కనున్న 'తెలుగు' అన్న మాట కూడా చెరిగిపోనక్కరలేదు. భాష కులం కాదు. ఇల్లు పోయిన వీధిలో ఆ ఇంటివారు ఉండేవారని చెప్పేది చివరకు ఆ పేరే.

ఎవరి పట్టికలోనూ ఎక్కని తెలుగువారు

వారసత్వం అనగానే మహలు, మిల్లు, మండువా మాత్రమే స్ఫురించడం మన దృష్టిలోని లోపం. కొంగునాట, మదురై సీమలో ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు వేలాదిగా ఉన్నారు. వీరిలో అనేకులు తరాలుగా నగరపాలక సంస్థల పారిశుద్ధ్య పనిలో ఉన్నవారు. కోయంబత్తూరు ఉక్కడంలోని సీఎంసీ కాలనీ ఆ కార్మికుల వాడ. ఉక్కడం–ఆత్తుపాలం వంతెన కోసం ఆ కాలనీ ఇళ్లను తొలగించి వారిని తాత్కాలిక గుడిసెలకు పంపారు. వంతెన 2024 ఆగస్టులో ప్రారంభమైంది. వారి ఇళ్లకు శిల్పశోభ లేదు, సున్నపు మెరుగు లేదు. అయినా నగరాన్ని దినదినం శుభ్రం చేసిన వాడకు ఒక చరిత్ర ఉంది. దాన్ని రాసిపెట్టే సంఘం మన తెలుగు సంఘాలలో ఒక్కటి కనిపించలేదు. కల్యాణ మండపాలు కట్టడంలో చూపే ఉత్సాహంలో పదో వంతు ఇటు చూపినా బాగుండేది.

ఇక్కడనే మరో అనుభవం గుర్తుంచుకోవాలి. మలేసియాలోని పినాంగులో అద్దె నియంత్రణ చట్టం 2000లో రద్దు కావడంతో పాత దుకాణపుటిళ్లలోని పేద అద్దెదారులు చెల్లాచెదురయ్యారు. 2008లో అక్కడి జార్జ్ టౌన్ ప్రపంచ వారసత్వ పట్టికకెక్కింది. గోడలు అందంగా నిలిచాయి; లోపల కాఫీ దుకాణాలు, యాత్రికుల బసలు వచ్చాయి. ఉన్నవారు వెళ్లిపోయాక మిగిలిన గోడను కాపాడడం తేలిక.

మదురైలో పుదు మండపం విషయం కూడా ఈ కోవలోనిదే. మీనాక్షి ఆలయం తూర్పు గోపురం ఎదుట తిరుమల నాయకుడు కట్టించిన ఆ మండపంలో 124 స్తంభాలు, వాటిలో నాయకరాజుల నిలువెత్తు బొమ్మలు ఉన్నాయి. ఆ రాజుల కాళ్ల దగ్గర తరతరాలుగా దర్జీలు మిషన్లు కుట్టేవారు. చిత్తిరై తిరునాళ్లకు వేషాలు కుట్టించుకొనేవారు, పుస్తకాలు, ఇత్తడి సామాను కొనేవారు అక్కడికే వచ్చేవారు. 2018 ఫిబ్రవరి 2న ఆలయంలోని అంగళ్లలో నిప్పు రాజుకొని వీర వసంతరాయ మండపం దెబ్బతిన్నది. ఆ దెబ్బతో ఆలయంలోని దుకాణాలు తీసివేశారు. పుదు మండపం వారికి సమీపంలోని కున్నత్తూరు సత్రం స్థలంలో కట్టిన కొత్త భవనంలో చోటు చూపారు. రాతి మండపంలో విద్యుత్ తీగలు, గుడ్డల గుట్టలు ఉండడం ప్రమాదమే; కాలిన స్తంభాలకు బదులు తేవడానికి నామక్కల్ జిల్లాలో రాయి వెదకవలసి వచ్చిందంటే తరలింపు తప్పనిసరి అన్నది స్పష్టం. అయితే గుడికి వచ్చే జనం నడక దారిలో ఉన్న దర్జీకి, మేడ ఎక్కి వెదికితే గాని కనబడని దర్జీకి బేరం ఒకటి కాదు. మండపంలో మరమ్మతు పూర్తయ్యాక, నిప్పుకు సంబంధం లేని కొన్ని వృత్తులనైనా పండుగ దినాలలో అక్కడికి రానివ్వడం గురించి ఆలోచించవచ్చు. అలా అడిగేవారు వర్తకులు మాత్రమే అయితే అది బేరంగా వినబడుతుంది. యాత్రికులు కూడా అడగాలి.

ఇప్పుడు జరగవలసినది

రెండు నగరాలలోనూ మెట్రో రైలు ప్రతిపాదనలను 2025 నవంబరులో కేంద్రం తిప్పి పంపింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇరవై లక్షలు లేరన్నది చెప్పిన కారణాలలో ఒకటి. మెట్రో ఎప్పటికైనా కావలసినదే. మదురైలో పాత నగరం అంచు కింద సొరంగం తవ్వవలసి ఉంటుంది గనుక, ఈ జాప్యం వల్ల చిక్కిన వ్యవధిలో ఏ ఇల్లు ఏ స్థితిలో ఉందో లెక్క తీసుకోవడం మేలు. సొరంగం తవ్విన తరువాత గోడ బీటవారితే, ఆ బీట ముందే ఉన్నదని అధికారి అంటాడు, లేదని ఇంటివాడు అంటాడు. ఫోటో, తేదీ ఉంటే తగవు ఉండదు.

కోయంబత్తూరుకు 1994 తరువాత చాలా కాలం కొత్త మాస్టర్ ప్లాన్ రాలేదు. 2041 వరకు ఉద్దేశించిన ముసాయిదా 2024లో బయటికి వచ్చింది. ఇటువంటి ముసాయిదాలపై అభ్యంతరాలు చెప్పుకొనే గడువులో చెప్పుకున్నవారిలో నేల వ్యాపారులే ఎక్కువగా ఉంటారు. పాత ఇంటి యజమానులు, అద్దెదారులు తమ వీధి పేరుతో ఒక కాగితం ఇవ్వడం కూడా జరగదు. అక్కడ ఉన్న చుట్టాలకు పండుగకు ఫోను చేసినప్పుడు మనం చెప్పగల మాట ఇదొకటి: ఇల్లు కూల్చాలనుకుంటే కూల్చండి, అది మీ హక్కు, కూల్చేముందు ఇంటి నకలు గీయించండి, దూలాల మీది చెక్కడాలను, గోడల మీది పటాలను ఫోటోలు తీయించండి, తాతల నాటి తెలుగు దస్తావేజులు ఉంటే పాత కాగితాల వానికి వేయకండి. వాటిలో వీధుల పాత పేర్లు, సరిహద్దులు, ఇంటి వాస్తు, ఒక్కొక్కచోట మన జిల్లా ఊళ్ల పేర్లు కూడా ఉంటాయి.

ఇక శ్రీరంగవిలాస్, తదితర మిల్లుల భూముల సంగతి కేంద్ర జౌళి శాఖ చేతిలోనిది. వాటిని వేలానికి పెట్టినా, మరొక శాఖకు అప్పగించినా, కాగితాల మీద 'పాత నిర్మాణాలు' అన్న ఒక్క మాటతో అన్నీ కలిపి పోతాయి. రాష్ట్ర వారసత్వ సంఘం అంతకు ముందే లోపలికి వెళ్లి, ఏ గోడ నిలపాలి, ఏ షెడ్డు వదలవచ్చు అన్నది గుర్తించి ఆ పట్టికను టెండరు పత్రానికి జతపరచాలి. టెండరు ఖరారైన మరుసటి నాడు అడిగితే గుత్తేదారు చెప్పే జవాబు అందరికీ తెలిసినదే.